ఆఖరి ముద్ద

మా ఇళ్లలో ఎవరైనా మాంసం మానేశారంటే అదొక వార్త కాదు. శనివారం వెంకటేశ్వరస్వామిది, మంగళవారం ఆంజనేయస్వామిది, గురువారం బాబాది, సోమవారం శివుడిది. కార్తీకం నెల నెలంతా శివుడిదే. మాల వేసుకుంటే 41 రోజులు. కొడుక్కి సీటొస్తే ఫలానా వారం ముట్టనని మొక్కుకున్న తల్లులు మా వీధిలోనే ఉన్నారు. ఆ కొడుకులు ఉద్యోగాల్లో చేరి పిల్లల్ని కన్నా ఆ వారం మాత్రం అలాగే సాగుతోంది. 2014లో కేంద్రం చేయించిన ఒక నమూనా సర్వేలో తెలుగు రాష్ట్రాల్లో నూటికి 98 మంది మాంసాహారులని తేలింది. నిజమే అయ్యుంటుంది. కానీ ఆ 98 మందిలో "ఇవాళ తిననండీ" అనే వారం ఒకటైనా లేనివాళ్లెందరో కూడా అడిగి ఉంటే బాగుండేది. మాకు తినడం ఎంత అలవాటో మానడమూ అంతే అలవాటు.

అందుకే చికెనూ చేపలూ గుడ్లూ మానేస్తున్నానని చెప్పినప్పుడు మా అత్తగారు వలుస్తున్న గోంగూర మీంచి తల కూడా ఎత్తలేదు. "ఏం మొక్కుకున్నావమ్మాయ్?" అని మాత్రం అడిగారు. పాలూ పెరుగూ నెయ్యీ కూడా మానేస్తున్నానన్నాను. అప్పుడు చేతిలో కాడ చాటలో పడేసి నా మొహంలోకి చూశారు. "పెరుగు మానడమేంటి? ఒంట్లో బాగుండటం లేదా?"

ఆవిడ అడిగిన ఆ రెండు ప్రశ్నల్లోనే ఉంది చిక్కంతా. మన దగ్గర ఒక మనిషి ఫలానాది తినను అనాలంటే దేవుడైనా వద్దనాలి, డాక్టరైనా వద్దనాలి. ఆ ఇద్దరి పూచీ లేకుండా మనంతట మనం మానేస్తే అది పొగరో, పిచ్చో, బెంగళూరులో చదివే కూతురు ఎక్కించిన ఫ్యాషనో అవుతుంది.

నేను ఇద్దరినీ వాడుకున్నాను. పక్క ఫ్లాటావిడకు కొలెస్ట్రాల్ అని చెప్పాను, మా ఆడపడుచుకు మొక్కు అని చెప్పాను. కొలెస్ట్రాల్ రిపోర్టులో ఉన్న మాటే. మొక్కు శుద్ధ అబద్ధం. చిత్రమేమిటంటే ఏ దేవుడికని ఒక్కరూ అడగలేదు. మొక్కంటే చాలు, వడ్డించే చెయ్యి ఆగిపోతుంది, ఇంకోసారి బలవంతపెట్టరు, పైగా కాస్త మర్యాదగా కూడా చూస్తారు. డాక్టరంటే మాత్రం అంత తేలిగ్గా వదలరు. "మా బాబాయికీ ఇలాగే చెప్పారండీ, ఆవుపాలు మొదలుపెట్టాడు, ఇప్పుడు గుండ్రాయిలా ఉన్నాడు" అని ఓ కథ వస్తుంది. ఇక అసలు సంగతి చెప్పబోయామా, కాఫీ చల్లారేదాకా వాదనే. "మరి మొక్కలకు మాత్రం ప్రాణం లేదా?" అనే ప్రశ్న మొదటి ఐదు నిమిషాల్లోనే వస్తుంది. అడిగేవాళ్లకు అది తమకే తట్టిందన్న సంతోషం. దాన్ని నేనెందుకు పాడుచెయ్యాలి? నవ్వి ఊరుకుంటాను.

అసలు సంగతి ఇదీ అని ఒక్క ముక్కలో చెప్పలేను. మా పుట్టింట్లో ఒకసారి గేదె ఈనిన కొద్దిరోజులకే దూడ పోయింది. దూడ మూతి పెట్టందే గేదె చేపదు. నాన్న మనిషిని పిలిపించి, ఆ దూడ తోలు ఒలిపించి, లోపల వరిగడ్డి కూరి కుట్టించారు. పాలు పితికే వేళకు పాలేరు దాన్ని చంకన పెట్టుకొచ్చి గేదె ముందు నిలబెట్టేవాడు. అది మెడ సాచి నాకేది. అది నాకుతుండగా అతను చన్నులు కడిగి లాగేవాడు, చెంబులో ధార పడే చప్పుడు మొదలయ్యేది. పని కాగానే ఆ దూడను తీసుకెళ్లి చూరు కింద వేలాడదీసేవాడు. కొన్నాళ్లకు గేదె నాకిన మేరకు మెడ మీద వెంట్రుకలు ఊడి, తోలు నున్నబడి మెరిసింది. స్కూలుకు వెళ్తూ రోజూ చూసేదాన్ని. చూసి ఇంట్లోకి వెళ్లి గ్లాసుడు పాలు తాగేదాన్ని. ఆ తరవాత కొన్ని దశాబ్దాలు పాలు తాగుతూనే ఉన్నాను. కాబట్టి దూడను చూసి మానేశానంటే ఎవరూ నమ్మక్కర్లేదు. ఎప్పటి దూడో రిపోర్టు చేతికొచ్చిన రోజు గుర్తుకొచ్చింది. రెంటికీ ఏ సంబంధమూ లేదు. ఒక నిర్ణయానికి ఒక కారణమే ఉండాలని ఎక్కడుంది?

గాంధీగారు 1912లో దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ ఫార్మ్‌లో ఉండగా, మిత్రుడు కాలెన్‌బాక్‌తో కలిసి పాలు మానేశారు. 1918లో జబ్బుపడి మంచానికి అతుక్కుపోయినప్పుడు డాక్టర్లు పాలు తాగాల్సిందేనన్నారు. ప్రతిజ్ఞ ఉంది, కుదరదన్నారు ఆయన. అప్పుడు కస్తూర్బా, మీరు ఒట్టుపెట్టుకున్నది ఆవుపాలూ గేదెపాలూ గురించి కదా, మేకపాలకేం అన్నారు. ఆయన తాగారు. తాగినందుకు బతికినన్నాళ్లూ బాధపడ్డారు, ఆత్మకథలోనూ రాసుకున్నారు. చదివిన ప్రతిసారీ నాకు కస్తూర్బా గారి మీదే గౌరవం పెరుగుతుంది. ఇంట్లో ఒకరు ప్రతిజ్ఞ పట్టుకుని కూర్చుంటే, అందులో సందు వెతకాల్సింది ఇంకొకరు. మా ఇంట్లో ఆ సందు వెతికే పని మా అత్తగారు తీసుకున్నారు.

మాంసం సంగతి తొందరగా చెప్పేస్తాను, చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఆదివారం చికెన్ వండేది ఇప్పటికీ నేనే. ఉప్పు చూడటానికి మా అబ్బాయిని పిలుస్తాను, వాడు ముక్కతో సహా చూస్తాడు. నాకు గుర్తొచ్చేది చేపల పులుసు, అదీ మర్నాటి పులుసు. అందులోనూ చేప కాదు, మెంతిపొడి పడిన ఆ చింతపండు రసం. అదే పులుసు వంకాయలతోనో బెండకాయలతోనో పెడితే ముప్పాతిక వంతు కోరిక తీరిపోతుంది. మిగతా పాతిక వంతు తీరదు. అరటికాయను చక్రాల్లా కోసి, కారం పట్టించి పెనం మీద వేయించి "చేప వేపుడే అనుకో" అంటారు కొందరు. నేననుకోను. అరటికాయను అరటికాయలాగే వేపుకుంటే దానికీ మర్యాద, మనకీ మర్యాద. మీల్ మేకర్‌తో బిర్యానీ చేసి మటన్ పేరు పెట్టడమూ అంతే.

పెరుగు దగ్గరకొచ్చేసరికి తీరిక కావాలి. మన భోజనానికి ఒక వరస ఉంది. పచ్చడి, పప్పు, కూర, పులుసో చారో, చిట్టచివర పెరుగు. కడుపు నిండటం వేరు, భోజనం అయిపోవడం వేరు. కడుపు చారుతోనే నిండుతుంది. భోజనం మాత్రం పెరుగన్నంలో మాగాయ టెంక నంజుకుంటే తప్ప అవదు. మొదటి రోజుల్లో నాకు ఆకలి వెయ్యలేదు, నీరసం రాలేదు, ఎవరో భయపెట్టినట్టు తల తిరగలేదు. చారన్నం తిన్నాక ఏం చెయ్యాలో తెలియలేదంతే. చెయ్యి కంచంలో ఎండిపోతుండగా కూర్చునేదాన్ని. మావారు పెరుగు కలుపుకుంటుంటే ఆ చప్పుడు వినబడేది. పెళ్లయి ఇన్నేళ్లలో ఆ చప్పుడు నా చెవిన పడింది అప్పుడే. లేచి చెయ్యి కడుక్కుంటే, మా అత్తగారికి ఎంగిలి విస్తరి ముందునుంచి లేచిపోయినట్టుండేదట. "ఆఖరి ముద్ద తినకుండా లేస్తే ఇంటికి మంచిది కాదే" అనేవారు. పెరుగు కాక ఇంకేదన్నా ఆఖరి ముద్ద కావచ్చని ఆవిడకు తోచలేదు. నిజానికి నాకూ తోచలేదు.

అప్పుడు వేరుశెనగ పెరుగు మొదలుపెట్టాను. గుళ్లు రాత్రి నానబోసి, పొద్దున్నే పొట్టు పోయేదాకా నలిపి కడిగి, మెత్తగా రుబ్బి, పల్చటి గుడ్డలో వేసి పిండితే చిక్కటి పాలు దిగుతాయి. సన్నటి సెగ మీద పెట్టి కలుపుతూనే ఉండాలి, చెయ్యి ఆపితే అడుగంటుతుంది. పచ్చివాసన పోయి కమ్మటి వాసన మొదలయ్యాక దించాలి. వేలు పెడితే ఓర్చుకోగలిగేంత వేడికి వచ్చాక, తోడుకు పచ్చిమిరపకాయల తొడిమలు వెయ్యాలి. పెరుగుకు దిక్కులేని చోట మామూలు పాలను కూడా ఇలాగే తోడుపెట్టేవాళ్లు, తొడిమలకు అంటుకుని ఉండే సూక్ష్మజీవులే తోడంటు అవుతాయి. బెజవాడ ఎండల్లో సాయంత్రానికే తోడుకుంది. పైన గట్టి పొర, అడుగున నీరు. గరిటెతో తీస్తే ముక్కగా వచ్చింది. నా సంతోషానికి అవధుల్లేవు. అదే వంటింట్లో, అదే గట్టు మీద, ఇంట్లోవాళ్ల కోసం మామూలు పెరుగూ నేనే తోడుపెడతాను కనక, రెండు గిన్నెలూ పక్కపక్కనే మూతలతో ఉంటాయి. తెల్లటిది వాళ్లది, కొంచెం మట్టిరంగుకు తిరిగింది నాది.

అత్తగారు ఓ చెంచాడు నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నారు. "పుల్లగానే ఉందమ్మాయ్. నిన్నటి పల్లీ చట్నీ పులిసిపోయినట్టుంది." దాచడానికేముంది, అలాగే ఉంది. చల్లచేసి, అల్లం, కరివేపాకు, ఉప్పు వేస్తే మజ్జిగగా బాగా నడుస్తుంది, తాలింపు పెడితే మజ్జిగపులుసుకూ పనికొస్తుంది. అన్నంలో మాత్రం నాలుక మోసపోదు.

ఆవిడే ఓ రోజు, నేను గుళ్ల పొట్టు తీస్తుంటే చూసి చూసి, "ఇంత యాతన దేనికే, తరవాణి పెట్టుకోరాదూ" అన్నారు. తరవాణి అన్న మాట నేను విన్నదేగానీ కుండ చూసింది లేదు. వాళ్ల అమ్మమ్మగారింట్లో వంటింటి మూల చుట్టకుదురు మీద ఉండేదట. బియ్యం కడిగిన నీళ్లు, అన్నం వార్చిన గంజి అందులో పోస్తూ ఉంటారు. రోజూ కొంత తీస్తారు, కొంత పోస్తారు, కుండ మాత్రం ఖాళీ కాదు. రాత్రి మిగిలిన అన్నం ఆ పులుపులో వేస్తే పొద్దుటికి తరవాణి అన్నం. ఉప్పు, నలిపిన దబ్బాకు, కాస్త వాము, నంజుకోవడానికి ఆవకాయో ఉల్లిపాయో. ఎండాకాలం పిల్లలకు అదే చద్ది. "పాలు అమ్ముకునేవాళ్లమే, మనకెక్కడివి? చల్ల చేసిన రోజు చెంబులు పట్టుకుని వీధంతా వచ్చేది, నీళ్లలాంటి చల్ల తలా కాస్త పోసేవాళ్లు. గడ్డపెరుగు మగవాళ్ల విస్తట్లోకి" అన్నారు మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు.

ఆ మాటతో లెక్కలు వెతికాను. 1950-51లో దేశంలో మనిషికి రోజుకు 130 గ్రాముల పాలు లభ్యమయ్యేవి. 2022-23 నాటికి 459 గ్రాములు. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్, వర్గీస్ కురియన్ గారి సహకార సంఘాలు, వాటి వెనకే ఊరూరా డెయిరీ వ్యాన్లు, చివరికి తెల్లవారుజామున గుమ్మానికి తగిలించిన సంచిలో ప్యాకెట్లు. 130 గ్రాములంటే చిన్న గ్లాసుడు. అందులోనే కాఫీ, టీ, నెయ్యి, పెరుగు, పసిపిల్లల పాలు అన్నీ. అదీ అందరికీ సమంగా పంచితే, ఎవరు పంచారు గనక! ఇంటిల్లిపాదీ రెండు పూటలా గట్టి పెరుగు వేసుకోవడం తాతముత్తాతల నాటి ఆచారమని మనం గట్టిగా నమ్ముతాం. చాలా ఇళ్లలో దాని వయసు పాల ప్యాకెట్ వయసే.

తరవాణి పెట్టాలంటే ముందు గంజి కావాలి. కుక్కర్లొచ్చాక గంజి వార్చడమే పోయింది. అటక మీంచి సత్తు గిన్నె దింపి, నీళ్లు ఎసరు పెట్టి, ఉడికాక మూత అడ్డం పెట్టి వంచుతుంటే ఆవిరి మణికట్టు కాల్చింది. అత్తగారు పక్కన నిలబడి ఆదేశాలిచ్చారు. మొదటి రెండు రోజులు వట్టి గంజివాసన. మూడోనాడు మూత తీస్తే ముక్కుకు తగిలే పులుపు. దబ్బాకు దొరక్క నిమ్మాకు వేశాను. రుచి పెరుగన్నంలా లేదు, ఉండాలని అది అనుకోనూ లేదు, అదే నాకు నచ్చింది. మా ఇంట్లో నాతో కలిసి దాన్ని తినేది మా అత్తగారొక్కరే. తిన్నాక పెరుగన్నం కూడా తింటారనుకోండి.

ఇంతలో ఆఫీసులో ఒక సంగతి తెలిసింది. నా పక్క సీటావిడది మంత్రాలయం దగ్గర ఊరు, మాధ్వులు. నా డబ్బా చూసి, "భాద్రపదమా ఏంటి, పెరుగు లేదు?" అంది. చాతుర్మాస్యంలో వాళ్లకు శ్రావణాన కూరగాయలు నిషేధం, భాద్రపదాన పెరుగు, ఆశ్వయుజాన పాలు, కార్తీకాన పప్పుధాన్యాలు. ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ పాటిస్తారట. నాకు ప్రాణం లేచొచ్చింది. పెరుగు మానడానికి కూడా పంచాంగంలో చోటుందన్నమాట! ఇంటికి రాగానే చెప్పాను. అత్తగారు క్షణంలో తేల్చేశారు: "అయితే పెరుగు మానిన నెల పాలు తాగొచ్చు, పాలు మానిన నెల పెరుగు తినొచ్చు. పెద్దలు ఎంత తెలిసినవాళ్లో చూడు." నిజమే, రెండూ ఒకే నెలలో పెట్టలేదు. కొన్ని ఇళ్లలో పెరుగు నెలలో మజ్జిగకు కూడా మినహాయింపు ఉందని ఆఫీసావిడ చెప్పింది. ఆ ముక్క మాత్రం ఇంట్లో చెప్పలేదు.

ఇల్లు దాటితే ఇంకో లోకం. హోటల్లో ఇడ్లీకి "నెయ్యి వద్దు బాబూ" అంటే ఆ అబ్బాయి తలూపి వెళ్లి, కొంచెమే వేయించి తెస్తాడు. వాడి దృష్టిలో నేను మొహమాటపడ్డాను, వాడు ఉపకారం చేశాడు. ప్యాకెట్ మీద పచ్చచుక్క ఉంటే చాలనుకునేదాన్ని, కానీ ఆ చుక్కకు పాలతో పేచీ లేదు. బిస్కట్లలో పాలపొడి, బ్రెడ్డులో వెన్న, చిప్స్ మసాలాలో కూడా పాల ఘనపదార్థాలు. పాలు కూడా లేని తిండికి ఆహార భద్రతా సంస్థ 2022లో వేరే నిబంధనలు తెచ్చి, వేరే గుర్తు పెట్టింది. మా వీధి కిరాణా కొట్లో ఆ గుర్తున్న వస్తువు ఇంకా నా కంటపడలేదు. దానికంటే ఆ కొట్లో బస్తాల్లో ఉన్నవే మేలు. నువ్వులు, పల్లీలు, కందిపప్పు, రాగులు, కొబ్బరి. వాటికి చుక్కా అక్కర్లేదు, గుర్తూ అక్కర్లేదు. కందిపొడి అన్నంలోకి నెయ్యి లేకపోతే ఎలా అని బెంగపడ్డానుగానీ గానుగ పప్పునూనె వేసుకుంటే ఆ వాసనకు ఇంకో ముద్ద ఎక్కువే దిగుతోంది.

కాఫీ మాట ఎత్తకండి. డికాక్షన్లో బెల్లం వేసుకు తాగుతున్నాను. అలవాటైందని చెప్పను.

"కాల్షియం ఎక్కడిదండీ?" అని అడుగుతారు. రాగుల్లో 100 గ్రాములకు దాదాపు 350 మిల్లీగ్రాములు, నువ్వుల్లో అంతకు మూడింతల పైనే. రాగులు పొడివి, పాలు నీళ్లవి, పక్కపక్కన పెట్టి పోల్చడం అంత న్యాయం కాదులెండి. అయినా బెంగ తీరుతుంది. ప్రొటీన్‌కు పప్పూ పల్లీలూ ఉన్నాయి. ఎవరూ అడగనిదీ అసలు అడగాల్సిందీ బీ12. అది మొక్కలు తయారుచేయవు, జంతువులూ చేయవు, సూక్ష్మజీవులే చేస్తాయి. మనకది మాంసం, గుడ్లు, పాలు దారిన అందుతుంది. ఆ దారులన్నీ మూసేస్తే మాత్ర వేసుకోవాల్సిందే. కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది గనక మానగానే ఏమీ తెలియదు. తెలిసేసరికి కాళ్లు తిమ్మిర్లు, మతిమరుపు. ఆకుకూరలు బాగా తింటున్నాం, స్పిరులినా వేసుకుంటున్నాం అంటే కుదరదు. ఇన్ని పోపులు పెట్టిన చేత్తో ఓ మాత్ర మింగడానికి నాకేం నామోషీ లేదు. ఆ మాత్రలోది కూడా సూక్ష్మజీవులు పులియబెట్టి చేసిందే, తరవాణికి దూరపు చుట్టమే.

ప్రసాదం దగ్గర మాత్రం నేను పట్టు సడలిస్తాను. తిరుపతి నుంచి ఎవరో లడ్డూ తెచ్చి చేతిలో పెడతారు. నెయ్యి ఓడుతూ ఉంటుంది. సత్యనారాయణ వ్రతంలో ప్రసాదం గోధుమరవ్వ, పాలు, నెయ్యి, అంతా అదే. కళ్లకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకుంటాను. మా అమ్మాయి దీన్ని అస్సలు ఒప్పుకోదు. "నెయ్యి నెయ్యే కదమ్మా, దేవుడి దగ్గర పెడితే ఆవు ఊరుకుంటుందా?" అంటుంది. తర్కానికి నా దగ్గర జవాబు లేదు. ఎనభై దాటిన చెయ్యి చాచి పెట్టిన దాన్ని వద్దనడం కంటే ఆ చిటికెడు నెయ్యి నాకు తేలికగా అరుగుతుంది. నిప్పులు కడిగే మనిషినై ఉంటే ఈ పని మొదటివారంలోనే వదిలేసేదాన్ని.

వచ్చే మాఘంలో మా ఆడపడుచు కూతురి పెళ్లి. వంటల లెక్క రాసే పని మా అత్తగారు చేతికి తీసుకున్నారు. వంటమేస్త్రి వచ్చి కూర్చున్నాడు. గుత్తివంకాయ నూనెలోనే, పులిహోర నూనెలోనే, పనసపొట్టు ఆవపెట్టి, పప్పు మామిడికాయ తాలింపు నూనెతోనే, అరిసెలు నూనెలో వేయించి. ఆవిడ చెబుతుంటే అతను వేళ్లు మడుస్తూ రాసుకున్నాడు. "మా కోడలికి మొక్కుంది" అని కూడా చెప్పారు, నావైపు చూడకుండా.

"అన్నీ కుదుర్తాయమ్మగారూ" అన్నాడతను కలం ఆపి, "ఆఖర్న మరి ఏం వెయ్యమంటారు విస్తట్లో?"

"ఆవిడ విస్తట్లో మళ్లీ చారే పొయ్యి" అన్నారు మా అత్తగారు. "రెండోసారి పోసేది కాస్త చిక్కగా, మిరియాలెక్కువేసి."

అతను రాసుకున్నాడు.